20 మంచాలు, 41 మంది

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ పేపర్ రోజూ చదువుతాను, హెల్త్ పేజీ అయితే డ్యూటీ దిగొచ్చాక కాళ్ళు వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టుకుని మరీ చదువుతాను. గర్భిణులు ఏ నెలలో ఏ టెస్టు చేయించుకోవాలి, నొప్పులు నిజమైనవో కాదో ఎలా తెలుస్తుంది, నార్మలా సిజేరియనా, ఇవన్నీ బాగా రాస్తారు, కాదనను. కానీ ఎప్పుడు చూసినా బిడ్డ కేర్‌మనగానే మీ కథనం అయిపోతుంది. ఇళ్ళల్లో వాట్సాప్ కూడా అంతే, "తల్లీబిడ్డా క్షేమం" అని ఒక మెసేజ్ కొట్టేసి ఫోన్ జేబులో వేసుకుంటారు. సరిగ్గా ఆ మెసేజ్ వెళ్ళే టైముకే మా పని మొదలవుతుందండి. నేను బాలింతల వార్డులో నర్సుని, పోస్ట్‌నేటల్ అంటారు కదా అది, పందొమ్మిదేళ్ళుగా ఇదే.

మొన్నామధ్య ఒక నైట్ డ్యూటీ. వార్డులో 20 మంచాలు, అన్నీ నిండి ఉన్నాయి, నర్సులం ఇద్దరం. హ్యాండోవర్ బుక్‌లో "మొత్తం పేషెంట్లు 20" అని రాసుంది. ఎందుకో ఆ రోజు ఊయలలు కూడా లెక్కపెట్టాను. 21 మంది పిల్లలు, ఒకావిడకి కవలలు. అంటే కాగితం మీద 20, కళ్ళ ముందు 41. బిడ్డ తల్లి పక్కనే ఉంటుంది కాబట్టి తల్లి కేస్ షీట్లోనే సర్దేస్తారు, ఎన్‌ఐసీయూకి, అంటే పసికందుల ఐసీయూకి, వెళ్తే తప్ప ఆ బిడ్డకి విడిగా పేషెంట్ అన్న హోదా రాదు. దాని ఊపిరి నేనే లెక్కపెట్టాలి, ఒళ్ళు వెచ్చగా ఉందా, పాలు పట్టుకుందా, ఉచ్చ పోసిందా, రంగు మారిందా అన్నీ నేనే చూడాలి, ఏదన్నా తేడా వస్తే నువ్వెక్కడున్నావ్ అని అడిగేదీ నన్నే, కానీ వార్డుకి ఎంతమంది నర్సులు కావాలో లెక్కలేసేటప్పుడు మాత్రం ఆ బిడ్డ పుట్టనట్టే. ఇది మా ఒక్క చోట గొడవ కాదండి, చాలా దేశాల్లో నర్సులూ మిడ్‌వైఫ్‌లూ (కాన్పులు చూసే సిస్టర్లు) ఇదే మొత్తుకుంటున్నారు.

మా పని బయటవాళ్ళకి కనపడదు, అది వాళ్ళ తప్పు కూడా కాదులెండి, ఎందుకంటే మేం చేసేదాంట్లో ముప్పాతిక వంతు ఊరికే చూడటమే. వస్తాం, బాలింత పొట్ట మీద చెయ్యేసి నొక్కుతాం, ప్యాడ్ చూస్తాం, ఏదో రాసుకుని వెళ్ళిపోతాం. "ఏంటమ్మా నువ్వు, గంటలో నాలుగు సార్లొచ్చి పొట్ట నొక్కుతావు, అసలే నొప్పితో ఉంది పిల్ల" అని ఒక పెద్దావిడ నా మీద కేకలేసింది. ఆవిడకి చెప్పిందే మీకూ చెప్తాను. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం వెళ్తూ ఉంటుంది. మాయ ఊడొచ్చాక అది అతుక్కున్న చోట రక్తనాళాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, వాటికి ఎవరూ కుట్లు వెయ్యరు, గర్భసంచి కండరమే బిగుసుకుని వాటిని నొక్కి మూసెయ్యాలి. బిగుసుకుంటే బొడ్డు దగ్గర గట్టి బంతిలా చేతికి తగుల్తుంది. మెత్తగా, ఎక్కడుందో దొరక్కుండా ఉందంటే లోపల రక్తం పోతున్నట్టు. ఒక్కోసారి బొడ్డు మీదకి ఎక్కి కుడిపక్కకి ఒరిగి ఉంటుంది, అప్పుడు చాలావరకు కారణం మూత్రసంచి నిండిపోయి ఉండటమే, చెయ్యి పట్టుకుని బాత్రూమ్‌కి తీసుకెళ్ళొస్తే మళ్ళీ గట్టిపడుతుంది. అందుకేనండి "మూత్రానికి వెళ్ళావా అమ్మా" అని సిగ్గులేకుండా పదిసార్లు అడిగేది, కాన్పైన 6 గంటల్లోపు ఒక్కసారైనా వెళ్ళినట్టు షీట్లో పడాలి.

నేను కొత్తగా చేరిన రోజుల్లో జరిగింది ఒకటుంది, ఇప్పటికీ మర్చిపోలేను. ఒకమ్మాయి, మొదటి కాన్పు, నార్మలే. బిడ్డ చుట్టూ ఆరుగురు చేరి ముక్కు ఎవరిది నుదురు ఎవరిది అని ఫొటోలు తీసుకుంటున్నారు, ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకునుంది. "సిస్టర్, చలేస్తోంది" అంది చిన్నగా. నేను ఇంకో దుప్పటి తెచ్చి కప్పబోయాను. వెనకాలే మా సీనియర్ సిస్టర్ వచ్చి దుప్పటి కప్పలేదు సరికదా ఉన్నది కూడా లాగేసింది. ప్యాడ్ చూస్తే మామూలుగానే ఉంది. ఆవిడ చెయ్యి నడుం కిందకి పోనిచ్చి బయటికి తీసి నాకు చూపించింది, మణికట్టు దాకా నెత్తురు. అంతా వీపు కిందకి జారి పరుపులోకి పోతోంది. పల్స్ 120. బీపీ చూస్తే బాగానే ఉంది, "బీపీ నార్మలే కదా సిస్టర్" అన్నాను నేను తెలివిగా. "బీపీ పడేదాకా కూర్చుంటావా? వయసులో ఉన్న పిల్ల, చివరి నిమిషం దాకా బీపీ నిలబెట్టుకుంటుంది, పల్స్ చూడు" అని ఒక చేత్తో పొట్ట మీద గర్భసంచిని రుద్దుతూ ఇంకో చేత్తో బెల్ కొట్టింది. గర్భసంచి బిగుసుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ మందు, డ్రిప్, డాక్టర్ గారు, అన్నీ పదినిమిషాల్లో అయిపోయాయి. ఆ అమ్మాయి నాలుగో రోజు నడుచుకుంటూ ఇంటికెళ్ళింది. అప్పటి నుంచి బాలింత చలేస్తోంది అన్నా, కళ్ళు తిరుగుతున్నాయి అన్నా, ఊరికే విసుక్కుంటున్నా కూడా నేను ముందు నడుం కింద చెయ్యి పెడతాను.

కాన్పు తర్వాత 500 మిల్లీలీటర్లు దాటి రక్తం పోతే ప్రమాదం కింద లెక్క అని అందరికీ తెలుసు, కానీ గుడ్డల్లో పీల్చుకుపోయినదాన్ని కంటితో చూసి చెప్పమంటే ఎప్పుడూ తక్కువే చెప్తాం, ఎంత అనుభవం ఉన్నా అంతే. 2023లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఉంది, కెన్యా, నైజీరియా, టాంజానియా, సౌతాఫ్రికాల్లో సుమారు 80 ఆస్పత్రుల్లో 2 లక్షల మందికి పైగా తల్లుల మీద చేశారు. వాళ్ళు కొత్త మందేమీ కనిపెట్టలేదు, నడుం కింద కొలత గీతలున్న ఒక ప్లాస్టిక్ షీట్ వేసి రక్తం ఎంత పోయిందో కళ్ళకి కనపడేట్టు చేశారు, గీత దాటగానే మసాజ్, మందులు, డ్రిప్, పరీక్ష అన్నీ వరసగా కాకుండా ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, చావులు అన్నీ కలిపి 60 శాతం తగ్గాయి. అయితే ఆ గీత దగ్గర నిలబడి చూసే మనిషి ఒకరుండాలి కదండీ, షీట్ దానంతటది కేకెయ్యదు.

ఇంక బిడ్డ సంగతి. మన దృష్టంతా బిడ్డ మీదే అనుకుంటాం గానీ నిజానికి ముద్దు చెయ్యడం వేరు చూడటం వేరు. పుట్టగానే తడి తుడిచి తల్లి గుండెల మీద బట్టల్లేకుండా పడుకోబెట్టి ఇద్దరి మీదా కలిపి గుడ్డ కప్పితే దానికి మించిన వార్మర్ లేదు, మొదటి గంటలోనే పాలకి నోరు పెడుతుంది. తొలిస్నానం కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, ఎందుకంటే పసికందుకి వణికి వేడి పుట్టించుకోవడం చేతకాదు. మేం చేసే చిన్న టెస్ట్ ఒకటి చెప్తాను, ఇంట్లో కూడా చెయ్యొచ్చు. చేతివేళ్ళ వెనకవైపుతో బిడ్డ పొట్ట ముట్టుకోండి, తర్వాత పాదాలు. రెండూ వెచ్చగా ఉంటే హాయి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో ఇబ్బంది పడుతోంది, తల్లి ఒంటికి ఆనించండి. రెండూ చల్లగా ఉంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి. ఊపిరి అయితే నిమిషానికి 60 దాటకూడదు, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి, పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణిస్తే కుదరదు, ఎందుకంటే పసిపిల్లలు గబగబా నాలుగు ఊపిర్లు తీసి కాసేపు ఆగుతారు, మళ్ళీ తీస్తారు, అది మామూలే. ఇప్పుడు మీరే లెక్కెయ్యండి, 21 మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఒక నిమిషం ఊపిరికే, అదీ బిడ్డ ఏడవకుండా కదలకుండా ఉంటే.

అన్నిటికన్నా టైమ్ తినేది పాలు పట్టించడం. ఇది సహజంగా వచ్చేస్తుంది అనుకుంటారు జనం. రాదండి, తల్లికీ కొత్తే బిడ్డకీ కొత్తే. తెల్లారుజామున మూడింటికి ఒక తల్లి ఏడుస్తూ పిలుస్తుంది, పాలు పడట్లేదు సిస్టర్, డబ్బా పాలు రాయించండి అని. చూస్తే బిడ్డ చనుమొన ఒక్కటే నోట్లో పెట్టుకుని నములుతోంది, మొన పగిలి రక్తం వస్తోంది. నోరు పెద్దగా తెరిచేదాకా ఆగాలి, పై పెదవికి మొన ఆనించాలి, ఆవలించినట్టు తెరవగానే బిడ్డని రొమ్ము దగ్గరికి తీసుకురావాలి, రొమ్ముని బిడ్డ దగ్గరికి వంచకూడదు. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి మడత పడాలి, మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు లోపలికి పోవాలి. సరిగ్గా పట్టుకున్నాక తల్లి భుజాలు ఒక్కసారి కిందకి దిగుతాయి, అది చూస్తే నాకు అర్థమైపోతుంది నొప్పి పోయిందని. మొదటి రెండు రోజులు వచ్చేవి ముర్రుపాలు, కొన్ని చుక్కలే వస్తాయి, పసికందు పొట్టకి అప్పుడు అంతే చాలు, మూడో రోజు అటూఇటూగా పాలు నిండుగా దిగుతాయి. రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టించాలి. మొదటి వారంలో బిడ్డ కొంచెం బరువు తగ్గుతుంది, 10 శాతం దాకా పోకుండా ఉంటే కంగారు లేదు, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తుంది. ఇదంతా చెప్పి చూపించి పక్కన కూర్చుని వచ్చేసరికి ఆ రోజు నాకు 40 నిమిషాలు పట్టింది. ఆ 40 నిమిషాలు నా వైపున్న మిగతా 9 మంది తల్లుల నడుం కింద ఎవరు చెయ్యి పెట్టారు? ఎవరూ లేరు. రోజూ నాకు ఈ లెక్కే. పాలు పట్టించడానికి కూర్చుంటే రక్తం చూసేవాళ్ళు ఉండరు, రక్తం చూడ్డానికి తిరిగితే ఆ తల్లి చేతికి డబ్బా వచ్చేస్తుంది.

చూడటం గురించి ఇంత చెప్తున్నాను కాబట్టి ఒక నర్సు కథ కూడా చెప్పనివ్వండి. 1956లో ఇంగ్లండ్‌లో ఎసెక్స్ అనే చోట రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో నెలలు నిండని పిల్లల వార్డుకి సిస్టర్ వార్డ్ అని ఒకావిడ ఇన్‌చార్జి, ఇంటిపేరే వార్డ్, చూడండి. ఆవిడకి గాలీ వెలుతురూ అంటే మహా నమ్మకం, ఎండ బాగున్న రోజు పిల్లల్ని ఊయలలతో సహా ఆవరణలోకి తోసుకెళ్ళేది. ఒకరోజు రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్లకి ఒక బిడ్డని విప్పి చూపించింది, ఒళ్ళంతా తెల్లబడింది, దుప్పటి కొస కప్పిన చోట మాత్రం పచ్చగా అలాగే ఉంది. ఎండ తగిలిన చోట కామెర్లు తగ్గాయన్నమాట. దాన్ని పట్టుకుని అక్కడివాళ్ళు పనిచేసి 1958లో పేపర్ ప్రచురించారు, ఈ రోజు ప్రపంచమంతా వాడే నీలం లైటు ఫోటోథెరపీ అక్కడ మొదలైంది. పేపర్ రాసినవాళ్ళలో ఆవిడ పేరు లేదు, సరే అది వేరే గొడవ. (దయచేసి దీన్ని చదివి "కామెర్లకి ఎండ వైద్యం" అని హెడ్డింగ్ పెట్టకండి, ఎండలో డోసు మన చేతిలో ఉండదు, బిడ్డ ఒళ్ళు కాలుతుంది, పైగా టెస్ట్ చేయించడం ఆలస్యమవుతుంది. పుట్టిన 24 గంటల్లోపు పచ్చబడినా, తర్వాతయినా అరిచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా నేరుగా ఆస్పత్రికే.) ఆవిడ చూసింది అంటే చూడ్డానికి ఆవిడకి తీరిక ఉంది, బిడ్డని విప్పి తిప్పి చూసేంత.

బాలింత మనసు గురించి మీ పేపర్లో ఒక్క ముక్క కూడా చదవలేదు నేను. మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్య కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. 1987లో ఎడిన్‌బరోలో తయారుచేసిన 10 ప్రశ్నల కాగితం ఒకటుంది, గత ఏడు రోజుల్లో నవ్వగలిగావా, నిన్ను నువ్వు అనవసరంగా తిట్టుకున్నావా, ఇలాంటివి, ఆఖరిది నీకు నువ్వు హాని చేసుకోవాలని అనిపించిందా అని. నింపడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ ఆ పదో ప్రశ్నకి "అవును" అని టిక్కు పడితే ఆ నర్సు అక్కడే కూర్చోవాలి, లేచి ఇంకో మంచానికి వెళ్ళకూడదు. అందుకే చాలా చోట్ల ఆ కాగితం ఇవ్వరేమో అని నా అనుమానం.

ఇంటికి పంపేటప్పుడు ఇంకో తమాషా. మామూలు కాన్పయితే తల్లీబిడ్డలు కనీసం 24 గంటలు ఆస్పత్రిలో ఉండాలి, ఆ తర్వాత కనీసం మూడుసార్లు ఎవరో ఒకరు చూడాలి, రెండు మూడు రోజుల్లో ఒకసారి, రెండో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి అని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసింది. ఊరికే రాయలేదు, ఆ ఏడాది ప్రపంచం మొత్తమ్మీద 23 లక్షల మంది పసికందులు పుట్టిన 28 రోజుల్లోపే పోయారు, అలా పోయేవాళ్ళలో ఎక్కువమంది మొదటి వారంలోనే. మరి డిశ్చార్జ్ రోజు మేం చెప్పేది ఎవరికి చెప్తున్నాం? బిల్లు కౌంటర్ దగ్గర ఒకరు, ఆటో కోసం ఒకరు, బ్యాగులు సర్దుతూ ఒకరు, నిద్రలేని తల్లి తలూపుతూ ఉంటుంది, ఏమీ ఎక్కదు. నేను ఇప్పుడు భర్తని కూర్చోబెట్టి తిరిగి అప్పజెప్పించుకుంటున్నాను బడిలో పాఠంలా. గంటలో ఒక ప్యాడ్ నిండా తడిస్తే, కోడిగుడ్డంత గడ్డ పడితే, తగ్గని తలనొప్పి వచ్చి కళ్ళు మసకబారితే, జ్వరం వస్తే, ఒక కాలే వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే, ఆగకుండా రావాలి. బీపీ ఎప్పుడూ లేని మనిషికి కూడా కాన్పు తర్వాత ఆరు వారాల్లోపు పెరిగి ఫిట్స్ రావొచ్చు, ఇది చెప్తే చాలామంది భర్తలు నమ్మరు, "కాన్పైపోయింది కదా సిస్టర్" అంటారు. బిడ్డకైతే పాలు తాగడం మానేస్తే, కదలిక తగ్గితే, ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు ఎగరేస్తే, ఒళ్ళు కాలినా చల్లబడినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఒక భర్త ఇదంతా ఫోన్లో రికార్డ్ చేసుకున్నాడు, మంచి పని చేశాడు, ఆరో రోజు అర్ధరాత్రి తలనొప్పీ మసకా అని భార్యని తీసుకొచ్చింది అతనే. బీపీ 170 మీద 110 ఉంది.

దీనికి పరిష్కారం లేదా అంటే ఉందండి, ముందు లెక్క సరిచెయ్యాలి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2024లో చట్టమే చేసింది, ప్రసూతి వార్డులో తల్లి పక్కనున్న బిడ్డని విడి పేషెంట్‌గా లెక్కపెట్టాలని, ఒక మిడ్‌వైఫ్‌కి 6 మందికి మించకూడదని. అంటే ముగ్గురు తల్లులు, ముగ్గురు పిల్లలు. అమెరికాలో ప్రసూతి నర్సుల సంఘం కూడా అదే చెప్తోంది, ఒక నర్సుకి 3 తల్లీబిడ్డల జతలు, అంతకంటే వద్దని. మేం ఒక్కొక్కరం 10 జతలు చూస్తున్నాం. రేపే మూడు చెయ్యమని నేను అడగట్లేదు, అంత అమాయకురాలిని కాదు. కనీసం రిజిస్టర్లో 41 అని రాయనివ్వమనండి. నిజం అంకె కాగితం మీద పడితే, ఇద్దరు నర్సులు 41 మందిని ఎలా చూస్తున్నారు అని ఎవరో ఒకరు అడగక తప్పదు.

మా ఇన్‌చార్జికి ఇదే చెప్పాను, "నీకెందుకమ్మా ఫార్మాట్‌లో ఆ కాలమ్ లేదు" అన్నారు. పాపం ఆవిడ చేతిలో కూడా ఏమీ లేదు. కాలమ్ లేకపోయినా ఆ రోజు నుంచి నేను మార్జిన్లో పెన్సిల్‌తో రాస్తున్నాను, 20+21, 18+18, 19+20, ఇలా. మీరు ఇది వేసినా వెయ్యకపోయినా ఒక్క సాయం చెయ్యండి, ఈసారి ఎక్కడైనా కొత్త ప్రసూతి వార్డు ప్రారంభం అని వార్త వస్తే, ఇన్ని పడకలు అని రాసేముందు మీ రిపోర్టర్‌ని అక్కడ ఊయలలు ఎన్నున్నాయో, వాటికి నర్సులెంతమందో కూడా అడిగి రమ్మనండి.

ఇట్లు,
బాలింతల వార్డు నర్సు
(పేరు వెయ్యకండి, ఉద్యోగం చేసుకోవాలి)